కళాసి పెళ్ళాం ఓడెక్కింది

మా చెల్లెలి కూతురు మొన్న ఫోన్ చేసింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ దుబాయ్‌లో ఓడెక్కి, నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి, మళ్ళీ దుబాయ్‌లోనే దిగుతారట. "ఎక్కిన చోటే దిగడానికి ఓడెందుకే, తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కితే సరిపోదా?" అన్నాను. అది పడీపడీ నవ్వి, "నువ్వెప్పుడో ఎక్కావుగా పెద్దమ్మా, మొదటిసారి ఎక్కేవాళ్ళు ఏమేం తెలుసుకోవాలో చెప్పు" అంది. ఆ ఓడలో ఈతకొలను ఉందట, సినిమా హాలు ఉందట, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తిండేనట. అలాంటి ఓడ గురించి నాకేం తెలుసు? నేనెక్కింది డెక్కు ఓడ, పై అంతస్తు నేల మీద చాప పరుచుకుని పడుకునేది. చింతపండు దగ్గర పెట్టుకోమన్నాను. గాలికి కొంగు నిలవదు, పిన్నీసు పెట్టుకోమన్నాను. "నేను చీర కట్టనుగా" అంది. ఇంక చెప్పడానికేమీ లేదనిపించి ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక గుర్తొచ్చింది, అసలు చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పలేదని. ఓడ కదిలేటప్పుడు ఎక్కడ నుంచోవాలో చెప్పలేదు. అది ఫోన్లో చెప్పే మాట కాదు. దానికి మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ సంగతి చెప్పాలంటే రోలా నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు మేం షార్జాలో, రోలాలో ఉండేవాళ్ళం. డెబ్బైల చివరి మాట. మా ఆయన దుబాయ్ రేవు దగ్గర ఒక కంపెనీ గోడౌన్లో స్టోర్ కీపరు. పాత మేడలో మాది ఒక గది. పక్క గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి, అతని జతగాళ్ళు ఉండేవాళ్ళు. వంటిల్లూ నీళ్ళగదీ అందరికీ ఒకటే. మేస్త్రి నన్ను అక్కా అనేవాడు. మొదట్లో వాళ్ళ మాట నాకూ, నా మాట వాళ్ళకీ సగమే అర్థమయ్యేది. మిగతా సగం హిందీ పెట్టి పూడ్చుకునేవాళ్ళం. కింద కేరళ అతని కిరాణా కొట్టు, వీధి చివర టాక్సీల కేకలు, శుక్రవారం వస్తే కాలు పెట్టడానికి సందు లేనంత జనం. ఆ ఇరుకు చూసి రోజూ విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఈ నాలుగు గదుల ఇంట్లో ఒక్కదాన్నే తిరుగుతుంటే, ఆ వంటింట్లో మేస్త్రి వేయించే ఎండుమిరపకాయల ఘాటు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

పాప కడుపులో పడ్డాక డాక్టరమ్మ నన్ను ప్రయాణం చెయ్యొద్దంది. పురుటికి నేను పుట్టింటికి వెళ్ళాల్సింది పోయి, పుట్టిల్లే విమానం ఎక్కి నా దగ్గరికి వచ్చింది. దిగగానే ఎలా ఉందమ్మా అని అడిగితే, "ఏముందే, బస్సులో కూచోబెట్టి తలుపులేసేశారు. కిటికీలోంచి దూది కనపడింది" అంది అమ్మ. సంచిలో కారప్పొడి, కాయం, వాము, అన్నిటికీ అడుగున ఒక పాత ఎర్ర నేతచీర ఉన్నాయి. చీర పాపకి ఉయ్యాల కోసమంది. ఉతికి ఉతికి దూదిలా మెత్తబడింది గాని, రంగు మాత్రం ఇంకా కంట్లో గుచ్చుకునేంత ఎరుపే.

మేస్త్రి అమ్మని చూసిన మొదటిరోజే "అవ్వా, మంచిగున్నవా?" అన్నాడు. వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే. మా గోదావరి జిల్లాలో అవ్వ అంటే పళ్ళూడిన ముసలమ్మ. "నాకింకా పళ్ళన్నీ ఉన్నాయి బాబూ" అని నోరు తెరిచి చూపించింది. అతనికి ఎందుకు చూపించిందో అర్థం కాక, పంటినొప్పేమో అనుకుని లవంగాలు తెచ్చిచ్చాడు. ఆ లవంగాల దగ్గర్నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న కళాసి. కోరంగి వైపు నుంచి సరుకు వేసుకుని కలకత్తా, రంగూన్ వెళ్ళే తెరచాప ఓడల్లో పనిచేసేవాడు. చాపలెత్తడం, తాళ్ళు లాగడం, అడుగున చేరిన నీళ్ళు తోడిపొయ్యడం, అన్నీ కళాసి పనులే. ఇంట్లో అమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు, "మా కళాసి" అనేది. నేను పలకా బలపం పట్టే వయసులో ఉండగా ఒకసారి వెళ్ళిన ఓడ గాలివానలో చిక్కుకుంది. ఓడా తిరిగి రాలేదు, అందులో మనుషులూ రాలేదు. అమ్మ నన్నూ చెల్లినీ తీసుకుని రామచంద్రపురం దగ్గర మా మేనమామ ఇంటికి చేరింది. ఆ తర్వాత సముద్రం మొహం చూడలేదు. కళాసి పెళ్ళామై కూడా ఓడలో కాలు పెట్టింది లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఎక్కనిచ్చేవారు కాదట.

అలాంటి మనిషి, షార్జా వచ్చిన కొద్దిరోజులకే, కింద కొట్టుకి కరివేపాకు కోసం వెళ్ళి వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చింది. కరివేపాకు మాత్రం లేదు.

"ఆ కొట్టతను కళాసంటనే! నేనడక్కుండానే చెప్పాడు. మా ఆయనా కళాసే బాబూ అన్నాను. అవునవునని తలూపాడు. ఎంత మంచోడో!"

నాకు తలా తోకా తెలియలేదు. మర్నాడు మేస్త్రి పని నుంచి వస్తూ, "ఇయ్యాల కాంక్రీటు ఖలాస్ అక్కా" అన్నప్పుడు అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఈయన కూడానా?" అంది. అప్పుడు వెలిగింది నాకు. అరబ్బీలో అయిపోయింది అనడానికి ఖలాస్ అంటారు. గల్ఫులో అడుగుపెట్టిన మూడోరోజుకి ఎవరి నోటికైనా ఆ మాట అంటుకుంటుంది. పాలు ఖలాస్, గ్యాస్ ఖలాస్, డ్యూటీ ఖలాస్. కరివేపాకు ఖలాస్ అన్నాడు కొట్టతను. అమ్మ చెవికి అది కళాసి అని వినపడింది.

చెప్పేద్దామనుకున్నాను. కాని ఆ మాట వినపడినప్పుడల్లా అమ్మ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. "ఈ ఊళ్ళో అందరూ కళాసీలే. అందుకే ఇంత మర్యాద" అనేది. మా ఆయన నవ్వి, "ఉండనీవే, ఆవిడకి చుట్టాలు దొరికారు" అన్నాడు. అలా నెలలు గడిచాయి. పాప బోర్లపడింది, పాకింది, అన్నప్రాసన మా ఊళ్ళోనే చెయ్యాలనుకున్నాం. మా ఆయనకి సెలవు దొరకలేదు. నన్నూ అమ్మనీ పాపనీ విమానంలో పంపించే ఏర్పాటు మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే మేస్త్రి నోరు జారాడు. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ, "నేనైతె ఓడల్నే వచ్చిన అక్కా. బొంబాయి కెల్లి దుబాయ్ దాక. డెక్కు మీద పండుకుంట వచ్చిన. ఇప్పుడైతె అందరు విమానం అంటున్నరు, ఓడ బందు చేస్తరంట ఇంకొన్నొద్దులకు" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మనుషులెక్కే ఓడా? ఆడోళ్ళని ఎక్కనిస్తారా?"

"ఎందుకెక్కనియ్యరవ్వా, టికెట్ ఉంటె సాలు."

ఆ సాయంత్రం అమ్మ మా ఆయన ముందు నిలబడి, తాను ఓడలో వెళ్తానని తేల్చి చెప్పేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్నని మింగిన సముద్రం మీద ప్రయాణమేమిటి? అందులోనూ పసిపిల్లతో! నోటికొచ్చినట్టు అరిచాను. అమ్మ అరవలేదు. ఉయ్యాలలో పాపని ఊపుతూ, ఆ ఎర్రచీర అంచు నిమురుతూ చెప్పింది.

"ఈ చీర మీ నాన్న కలకత్తాలో కొన్నాడు. ఓడెల్లే రోజు ఇదే కట్టుకుని రమ్మనేవాడు. 'గట్టు మీద నీ ఎర్రచీర చుక్కలా కనపడేదాకా అమరం కాడే నుంచుని సూస్తుంటాను' అనేవాడు. అందరూ నవ్వేవారు. కళాసీలందరూ అదే అంటారే పిచ్చిదానా, ఓడ కదిలాక గంజి తాగి తొంగుంటారు, అంత దూరం నుంచి చీరేం కనపడుద్ది, అనేవారు. నేను కట్టుకెళ్ళేదాన్ని. గట్టు మీద నుంచుని ఓడ అడుగు ములిగేదాకా, చాప ములిగేదాకా, చాప కట్టే కొయ్య కూడా ములిగేదాకా సూసేదాన్ని. ఆకరిసారి కూడా ఇదే కట్టుకెళ్ళాను. ఆయన సూశాడో లేదో నాకు తెలీదు. అంత దూరం నుంచి అసలు కనపడుద్దో లేదో కూడా తెలీదు. ఒక్కసారి ఓడ మీద నుంచి సూస్తే తెలుస్తుంది కదే."

ఓడ వెనకవైపుని అమరం అంటారని నాకు ఆ రోజే తెలిసింది. "ఇప్పుడు తేల్చుకుని ఏం చేస్తావమ్మా?" అన్నాను. ఓడలో వెళ్దురుగాని లెండి అత్తయ్యగారూ, అన్నాడు మా ఆయన. అల్లుడు సరేనన్నాక కూతురి మాట ఎవరికి కావాలి?

టిక్కెట్ల ఆఫీసుకి నేనూ అమ్మా వెళ్ళాం. భాష కోసం ఆ రోజు పనిలేని మేస్త్రిని తోడు తీసుకెళ్ళాం. గాజు కిటికీ వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఉన్నాడు. మేస్త్రి అడిగాడు. ఆయన తలెత్తకుండానే, "డెక్ ఖలాస్" అన్నాడు. మేస్త్రి బతిమాలాడు. ఆయన ఈసారి చెయ్యి కూడా ఊపి, "ఖలాస్, ఖలాస్" అన్నాడు. నా మనసులో హమ్మయ్య అనుకున్నాను.

అమ్మ మేస్త్రిని పక్కకి నెట్టి కిటికీ ముందుకి వెళ్ళింది. ఆయన అడిగింది ఆవిడకి చక్కగా అర్థమయింది మరి. డెక్కు టిక్కెట్లు కళాసీలకే ఇస్తారన్నమాట!

"అవును బాబూ, కళాసే! నేను కళాసి పెళ్ళాన్ని. మా ఆయన కోరంగి ఓడల్లో కళాసి. నాకు ఇవ్వాలి మరి" అంది, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. అమ్మ రెక్క పట్టుకుని లాగాను, కదల్లేదు. "కళాసి, కళాసి" అంటూనే ఉంది. పెద్దాయన విసుగ్గా తలెత్తి, ఈవిడేమంటోందని మేస్త్రిని అడిగాడు.

మేస్త్రికి అప్పటికి సంగతి తెలిసిపోయినట్టుంది. నవ్వు ఆపుకుంటూ, "ఖలాసీ బోల్తీ హై సాబ్. ఇస్‌కా ఆద్మీ ఖలాసీ థా" అన్నాడు, ఈవిడ మొగుడు కళాసి అని. తర్వాత నవ్వడం మానేసి, ఆ మనిషి ఓడతో పాటు వెళ్ళి తిరిగి రాలేదని కూడా చెప్పాడు.

హిందీలోనూ కళాసిని ఖలాసీ అనే అంటారని నాకు అప్పటిదాకా తెలియదు. పెద్దాయన కళ్ళజోడు తీసి అమ్మ వైపు కాసేపు చూశాడు. ఆయనది గుజరాత్ సముద్రం ఒడ్డు. వాళ్ళ నాన్నా తాతా ఇద్దరూ ఖలాసీలేనట, ఈ షార్జా దుబాయ్ రేవులకి తెరచాప ఓడల్లో ఖర్జూరం కోసం వచ్చేవాళ్ళట. ఖలాసీ పెళ్ళాన్ని ఒడ్డున వదిలేసి ఓడని ఎలా పంపిస్తాను, ఎవరో ఒకరు మానుకుంటారు, రెండ్రోజులాగి రండి, అన్నాడు. రెండ్రోజులాగి వెళితే నిజంగానే టిక్కెట్లు ఇచ్చాడు.

ఆ మొదటిరోజు తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో మేస్త్రి ఉండబట్టలేక చెప్పేశాడు. "అవ్వా, ఖలాస్ అంటె అయిపోయింది అన్నట్టు. ఓడల పనిజేసెటోడు కాదు."

అమ్మ రోలా చౌరస్తా దగ్గర దిగుతూ, "అయితే కొట్టతను కళాసి కాదా?" అంది.

"కాదవ్వా. కేరళల కొబ్బరిబొండాల దుకాణముండె ఆయనకు."

"పోన్లే. ఆ కళ్ళజోడాయన కళాసి ఇంటోడే కదా" అంది అమ్మ.

ఆ వారమంతా మేస్త్రి మాకు పాఠం చెప్పాడు. ఇప్పుడెవరైనా మొదటిసారి ఓడెక్కుతున్నామంటే నేను చెప్పేవన్నీ అతని దగ్గర నేర్చుకున్నవే.

"అక్కా, ముంగటి దిక్కు జాగ పట్టద్దు, బగ్గ ఊగుతది. నడిమిట్ల పండుండ్రి. ఖాళీ కడుపుతోని ఉండద్దు, అట్లని గొంతు దాక తినద్దు. చింతపండు బుగ్గకు పెట్టుకోవాలె. అలల దిక్కు చూడద్దు. నీళ్ళు మొగులు కలిసేకాడ గీత లెక్క కనవడుతది సూడు, గా గీతనే చూడాలె. కరాచీల ఓడ ఆగుతది గని దిగనియ్యరు, దిగుతమని లొల్లి చెయ్యద్దు."

అమ్మ ఇదంతా విని, "ముంగట కాదు, అణియం అనాలి. వెనకది అమరం. ఆ మాత్రం తెలీకుండా ఓడెలా ఎక్కావయ్యా?" అనేది. ఓడ ఎక్కకుండానే అన్నీ తెలిసిన మనిషి అమ్మ. ఎక్కొచ్చిన మేస్త్రికి తిరిగి పాఠం చెప్పేది.

ఓడ కదిలిన రోజు సంగతి చివరికి ఉంచుకుని, ముందు మిగతా ప్రయాణం ఎలా గడిచిందో చెప్పేస్తాను. చింతపండు, నిమ్మకాయలు, ఉప్పులో ఊరేసిన ఉసిరికాయలు, అన్నీ అమ్మ కోసం కట్టుకున్నాం. వాంతులు చేసుకున్నది నేను. మస్కట్ దాటిందో లేదో కడుపులో పేగులన్నీ గొంతులోకి వచ్చాయి. గీతని చూడాలంటే తల ఎత్తాలి కదా, తలెత్తితే ఒట్టు. అమ్మ మాత్రం రేకు కంచం పట్టుకుని వరసలో నిలబడి, తన పప్పూ రొట్టే తిని, నాది కూడా తినేసింది. "ఎనకటికి మీ నాన్న మొదటిసారి ఎక్కినప్పుడు కూడా ఇంతేనంట" అని నన్నే ఓదార్చింది.

మొదటిరోజే గంట కొట్టి, అందర్నీ పైకి రమ్మని, నీళ్ళలో తేలే బెండ్ల చొక్కాలు తొడిగిస్తారు. అది ఊరికే నేర్పడానికి, ములిగిపోతున్నామని ఏడవకూడదు. నేను ఏడ్చాను. స్నానానికి ఉప్పునీళ్ళే, సబ్బు ఎంత రుద్దినా నురుగు రాదు, జుట్టు పీచులా తయారవుతుంది. పొద్దెక్కితే డెక్కు ఇనుము కాలుతుంది, చెప్పుల్లేకుండా నడవకూడదు. రోజూ గడియారం ముందుకి తిప్పుకోమంటారు. అమ్మ ఒప్పుకోలేదు, "నా ఆకలికి తెలుసు టైమెంతో" అంది. డెక్కు పైకప్పు కమ్మీలకి అమ్మ తెల్లచీరతో ఉయ్యాల కట్టాం. మేం చెయ్యి వెయ్యక్కర్లేదు, సముద్రమే ఊపింది. పాప పుట్టిన దగ్గర్నుంచి అన్ని గంటలు ఏకబిగిన నిద్రపోయింది ఆ ఓడలోనే. కడుపులో తిప్పినా, ఒళ్ళంతా ఉప్పుపూత పూసినా, ఆ నాలుగు రోజులూ అమ్మ పక్కన చాప మీద పడుకుని ఆవిడ చెప్పే నాన్న కబుర్లు విన్నాను. అన్ని కబుర్లు ఆవిడ అంతకుముందెప్పుడూ చెప్పలేదు. మళ్ళీ ఆ నాలుగు రోజులిస్తానంటే ఆ వాంతులతో సహా తీసుకుంటాను.

ఇప్పుడు ఓడ కదిలిన రోజు.

మధ్యాహ్నం దాటాక కదులుతుందన్నారు. మా ఆయన గోడౌన్ పనిమీద రోజూ రేవులోకి వెళ్ళే మనిషి, గేటువాళ్ళకి తెలిసిన మొహం. అందుకని ఒడ్డు దాకా రానిచ్చారు. మెట్లెక్కే ముందు అమ్మ సంచిలోంచి ఎర్రచీర తీసింది. పొద్దున్నే ఉయ్యాల విప్పేసి మడత పెట్టుకున్నట్టుంది, నేను చూడలేదు.

"అల్లుడుగారండీ, ఒక్క పని చేసిపెట్టాలి. ఓడ కదిలాక ఈ చీర విప్పి, రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుని నుంచోండి. మేం కనపడకపోయినా దించకండి."

మా ఆయన మొహం చీర రంగుకి తిరిగింది. అసలే మొహమాటస్తుడు. "నలుగురూ చూస్తారేమో అత్తయ్యగారూ" అన్నాడు మెల్లగా.

"నాలుగు కోసుల నుంచి సూడాలనే కదండీ" అంది అమ్మ.

ఓడ కూత వేసింది. ఎక్కినవాళ్ళందరూ ఒడ్డు కనపడే పక్కకి తోసుకుంటూ పరుగెత్తారు. అమ్మ అటు వెళ్ళలేదు. తెల్లచొక్కా వేసుకున్న ఓడ మనిషిని "అమరం ఎటు బాబూ?" అని అడిగింది. అతనికి తెలుగు తెలియదు. అమ్మ ఇంకెవర్నీ అడగలేదు. కమ్మీ పట్టుకుని, నీళ్ళు నురగలు కక్కుతున్న వైపుకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పాపని చంకనేసుకుని నేనూ వెనకాలే వెళ్ళాను. అక్కడ చుట్టలు చుట్టిన లావుపాటి తాళ్ళున్నాయి. అమ్మ ఒక తాడు మీద చెయ్యివేసి నిలబడింది.

ఒడ్డున మా ఆయన చీర పైకెత్తాడు. పక్కనున్నవాళ్ళు అతన్ని చూసి నవ్వడం ఓడ మీదకి కనపడుతూనే ఉంది.

నా భయం నాది. ఓడ కాస్త దూరం జరగ్గానే ఆ చీర కనపడకుండా పోతే? ఇన్నేళ్ళు దాచుకున్న మాట ఉత్తి కబురని, గట్టు మీద ఆడవాళ్ళు నవ్విందే నిజమని తేలితే? ఇంక ఆ నాలుగు రోజులూ అమ్మ మొహం ఎలా చూడను? గంగమ్మ తల్లికి మొక్కుకున్నాను. కాసేపు కనపడనీ తల్లీ, కొంచెంసేపు చాలు, అనుకున్నాను.

ముందు మొహాలు పోయాయి. ఎవరు ఎవరో తెలియకుండా కలిసిపోయారు. తర్వాత మనుషులే పోయారు, ఒడ్డు మీద నల్లటి చార మిగిలింది. మా ఆయన కూడా అందులో కలిసిపోయాడు. చీర కలవలేదు.

"కనపడతందా నీకు?" అంది అమ్మ.

"కనపడుతోంది."

ఓడ రేవు గోడ దాటింది. గాలి మొదలైంది. చీర అరచేయంత అయింది, బొట్టు బిళ్ళంత అయింది. పెద్ద పెద్ద క్రేన్లు కూడా పుల్లల్లా అయిపోయాయి, బూడిదరంగు గోడౌన్లు ఇసకలో కలిసిపోయాయి. అంత దుమ్ము రంగులోనూ ఆ ఒక్క ఎరుపూ అలాగే ఉంది.

"ఇంకా కనపడతందే" అంది. కొంచెంసేపాగి మళ్ళీ, "ఇంకా కనపడతందే" అంది.

"చాల్లేమ్మా, ఆయన చేతులు పడిపోతాయి" అన్నాను నవ్వించడానికి. అమ్మకి వినపడలేదు. కొంగు ఎగిరి మొహానికి కొట్టుకుంటోంది, దాన్ని పళ్ళ మధ్య పట్టుకుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చీర ఆవగింజంత అయింది. తర్వాత ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. తర్వాత నిజంగానే లేదు. ఇసక ఒడ్డు నీళ్ళలోకి దిగిపోయింది, ఊళ్ళో ఉన్న ఒక్క ఎత్తు మేడ మాత్రం కాసేపు నిలబడి అదీ దిగిపోయింది. చుట్టూ నీళ్ళే.

అమ్మ కొంగు వదిలేసింది.

"నేనేమో గట్టు మీద నుంచుని, ఆయన ములిగిపోతన్నాడనుకునేదాన్నే. ఇక్కణ్ణించి సూస్తే ఆయనకి నేను ములిగిపోయానన్నమాట."

చీర కనపడుతుందని తేలింది. కాని ఆ రోజు నాన్న ఇక్కడ నిలబడి చూశాడని మాత్రం ఎవరు చెప్పగలరు? ఆ మాట నా నోటి దాకా వచ్చింది. చిన్నప్పటి నుంచీ నాది దాచుకోలేని నోరు. ఆ ఒక్కరోజే ఎందుకో గట్టిగా మూసుకున్నాను. అయినా అమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"నేను సూపు తిప్పుకోగలిగానా?" అంది. "నువ్వు తిప్పుకోగలిగావా? ఇంతసేపు కనపడతంటే, సూడకుండా ఎవరుంటారే?"

కళ్ళు తుడుచుకుంది. తాడు మీద పెట్టిన చేతికి అంటుకున్న మసి దులుపుకుంటూ, కింద కొట్టులో కేరళ అతను అన్నట్టే, "ఖలాస్" అంది. "పద, పిల్లకి పాలేళయింది."